పాత షెవర్లే పికప్‌కి పక్క పట్టీలు: క్లిప్పులా, టేపా?

పాతబండి_శీను (ఫోర్ట్‌వర్త్, టెక్సస్)
అందరికీ నమస్కారం. నాది 1985 షెవర్లే సి-10 పికప్, అందులో సిల్వరాడో అనే ఖరీదైన మోడల్. మా వీధి చివర ఉండే పెద్దాయన పోయాక వాళ్ళావిడ దగ్గర కొన్నాను. ఇంజిను బాగుంది, రంగు పర్లేదు. పక్కల మీద పొడుగ్గా ఉండే మెరుపు పట్టీలు సగం లేవు, ఉన్నవి సొట్టలు పడ్డాయి. కొత్త అల్యూమినియం సెట్టు తెప్పించాను. కుడి తలుపుకి పాత క్లిప్పుల బెజ్జాలు ఉన్నాయి, కొన్నిటి చుట్టూ తుప్పు లేచి రంగు పొక్కింది. ఎడమ తలుపు ఎవరో ఎప్పుడో మార్చారు. అది కస్టమ్ డీలక్స్ అనే చవక మోడల్ తలుపు, దానికి బెజ్జాలే లేవు. మంచి రేకుకి డ్రిల్లు పెట్టి క్లిప్పులు వేయాలా? రెండు వైపులా టేపుతో అతికించాలా? కుడివైపు బెజ్జాలు వెల్డింగ్‌తో మూసెయ్యమని ఒకాయన సలహా ఇచ్చాడు. బండి రోజూ వాడతాను, శని ఆదివారాలు మట్టి, ఎరువు మోస్తాను.

సుత్తిశానం (విజయవాడ ఆటోనగర్)
డ్రిల్లు కొట్టు తమ్ముడూ, ఆలోచించకు. టింకరింగ్ పనిలోనే నా జుట్టు నెరిసింది. అతికించిన బీడింగు ఏదైనా ఒక ఎండాకాలం, ఒక వానాకాలం. ఆ తర్వాత కొన పైకి లేస్తుంది, కారు కడిగే కుర్రాడు గుడ్డ లాగితే చేతిలోకి వస్తుంది. మళ్ళీ మా దగ్గరికే తెస్తారు. కంపెనీ వాడు క్లిప్పు పెట్టాడంటే తెలియకే పెట్టాడా? వెల్డింగ్ మాట మాత్రం అసలు వినకు. ఆ రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. వేడికి ఉబ్బుతుంది, లోపలి రంగు కాలిపోతుంది. బయట లప్పం పెట్టి నున్నగా చేస్తారు, లోపల తుప్పు మొదలవుతుంది.

పద్మజ_ట్రాయ్ (మిషిగన్)
శీను గారూ, దయచేసి మంచి తలుపుకి బెజ్జం వేయకండి. నేను జిగురు పదార్థాల ల్యాబ్‌లో పనిచేస్తాను, చలికాలమంతా ఉప్పు చల్లే ఊళ్ళో ఉంటాను. ఇక్కడ పాత పికప్‌ల తుప్పు ఎక్కడ మొదలవుతుందో ఏ పార్కింగ్ లాట్‌లోనైనా కనిపిస్తుంది: చక్రాల పైన, తలుపుల అడుగున, పట్టీల వెనక. డ్రిల్లు పెట్టగానే రంగు, ప్రైమర్ తెగి పచ్చి ఉక్కు అంచు బయటపడుతుంది. పట్టీ వెనక మట్టి చేరి తేమ పట్టి ఉంచుతుంది. పైగా అల్యూమినియం, ఉక్కు తడిలో కలిసి ఉంటే అల్యూమినియం పట్టీ కూడా తొందరగా తినేస్తుంది.

వీహెచ్‌బీ రకం, అంటే చాలా గట్టిగా పట్టే అక్రిలిక్ ఫోమ్ టేపు, స్టేషనరీ కొట్లో దొరికే రెండువైపుల టేపు కాదు. అతికించే చోటు ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్ళు సగం సగం కలిపి తుడవాలి. రేకు 21 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. గట్టిగా, పొడుగునా నొక్కాలి. పూర్తి పట్టు రావడానికి మామూలు గది వేడిలో 72 గంటలు పడుతుంది, అప్పటిదాకా కడగొద్దు. కొత్తగా రంగు వేయిస్తే అది పూర్తిగా ఆరాకే అతికించండి, లేకపోతే రంగులోంచి వచ్చే ఆవిరి పట్టును చెడగొడుతుంది.

నీలిరంగు
ఫోటోలు పెట్టండి బ్రో. బెజ్జం చుట్టూ పొక్కు ఎంత ఉందో చూడకుండా ఏం చెప్తాం?

సుత్తిశానం
అమ్మా, ల్యాబులో గాజు పలకకి అంటించడం వేరు, ఎండలో నిలబడ్డ బండి వేరు. టెక్సస్ ఎండకి రేకు మీద చెయ్యి పెట్టలేం. అల్యూమినియం సాగుతుంది, రేకు అంత సాగదు. మధ్యలో ఉన్న టేపు గతేమిటి? క్లిప్పులో అయితే పట్టీకి అటూ ఇటూ కాస్త జరిగే వీలుంటుంది.

పద్మజ_ట్రాయ్
అందుకే అది ఫోమ్ అండీ. 60 డిగ్రీల తేడాకి మీటరు అల్యూమినియం పట్టీ దాదాపు 1.4 మిల్లీమీటర్లు సాగుతుంది, ఉక్కు దాదాపు అందులో సగం. ఆ కాస్త తేడాకి ఫోమ్ పక్కకి ఒరిగి, చల్లబడ్డాక మళ్ళీ సర్దుకుంటుంది. కార్ల కంపెనీలే ఎన్నో ఏళ్ళుగా పక్క పట్టీలు, పేర్ల అక్షరాలు టేపుతో అతికిస్తున్నాయి. మీ దగ్గరికి వచ్చే కొత్త కార్లలో ఎన్నిటికి తలుపు పట్టీ వెనక క్లిప్పులున్నాయి?

ఎడిసన్_బాబి (న్యూజెర్సీ)
టేపు గురించి నన్నడగండి. ఇక్కడి ఒక బాడీ షాపులో మా పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్‌కి టేపుతోనే వేయించాం. హైవే మీద వెళ్తుంటే వెనక సగం ఊడి, ముందు సగం పట్టుకుని తలుపుకి టపటపా కొట్టుకుంటూ వచ్చింది. రంగంతా గీతలు. వెనక బండివాడు హారన్ కొట్టాక గానీ మాకు తెలియలేదు. పిల్లలు బండిలో ఉన్నారు, ఎంత టెన్షన్ పడ్డామో! అది పూర్తిగా ఊడి వెనక కారు అద్దానికి తగిలుంటే?

పద్మజ_ట్రాయ్
బాబి గారూ, ఏ నెలలో వేయించారు? షెడ్డులో వేడి ఉందా? కింద పాలిష్, వ్యాక్స్ తుడిచారా?

ఎడిసన్_బాబి
డిసెంబరు. షెడ్డు తలుపులు తెరిచే ఉన్నాయి. వ్యాక్స్ సంగతి నాకేం తెలుసు, డబ్బులు తీసుకున్నది వాళ్ళు.

పద్మజ_ట్రాయ్
అయితే ఊడింది టేపు తప్పుకి కాదు. చలిలో ఆ జిగురు బిగుసుకుంటుంది, రేకు గరుకులోకి దిగదు.

ఎడిసన్_బాబి
బావుంది. పట్టీ ఊడింది మాకు, తప్పు మాది. ఊడిన వాళ్ళందరికీ అతికించడం రాదన్నమాట!

సుత్తిశానం
అదే నేనంటున్నది. వ్యాక్స్ ఉండకూడదు, చలి ఉండకూడదు, మూడ్రోజులు కడగకూడదు. ఇన్ని షరతులున్న పని పనేనా? క్లిప్పుకి ఏ షరతూ లేదు. బెజ్జం వెయ్యి, నొక్కు, ఠక్కుమంటుంది, అయిపోయింది.

పద్మజ_ట్రాయ్
షరతు లేదా? ఆ బెజ్జం అంచుకి ఎపాక్సీ ప్రైమర్ పూయకుండా, నీళ్ళు దిగకుండా బ్యుటైల్ సీలెంట్ పెట్టకుండా, రేకు లోపలివైపు తుప్పు ఆపే వ్యాక్స్ కొట్టకుండా “ఠక్కు” మనిపించినందుకే ఇన్ని బళ్ళు తుప్పు పట్టి పోయాయి. మా నాన్నగారి అంబాసిడర్ కాకినాడలో ఉండేది. సముద్రపు గాలి. ఎవరో చెప్పారని పక్కలకి మెరిసే బీడింగు కొట్టించారు. కొట్టినవాడు అచ్చం మీలాగే మాట్లాడాడు. ఆ వరసలోనే రేకు చిల్లులు పడింది, వేలు పెడితే లోపలికి దిగిపోయేది. దాన్ని అమ్మడానికి నాన్న పడ్డ అవస్థ నాకు గుర్తుంది. బండికి నగలు పెట్టి బండిని చంపుతారు మీరు.

సుత్తిశానం
మా వృత్తిని అనొద్దు. నేను వేసిన ప్రతి బెజ్జానికీ రెడ్ ఆక్సైడ్ పూశాకే క్లిప్పు పెట్టాను. ఎవరో ఒకడు చేసిన పనికి ఆటోనగర్ మొత్తాన్ని తిడతారా?

నీలిరంగు
కాస్త ఆగండి ఇద్దరూ. అడిగినాయన ఎక్కడ?

సుత్తిశానం
ఆయన వచ్చేలోపు నా మాట పూర్తిగా చెప్తాను. నాకు టేపు మీద పగ లేదు. ఆ బెజ్జాలు మూసెయ్యమన్నారు చూడండి, అక్కడ నాకు మంట. ఆ బండిని 1985లో ఎవరో కొలత వేసి, ఆ వరసలో బెజ్జాలు పెట్టి తయారు చేశారు. అవి మూసేస్తే రేపు అసలైన పట్టీ దొరికినా పెట్టే చోటు ఉండదు. మరమ్మతు చేసేవాడు బండిని అది పుట్టినప్పుడు ఉన్నట్టు నిలబెట్టాలి. తనకి సులువని మార్చే హక్కు వాడికి లేదు. ఎడమ తలుపుకి కూడా అందుకే వేయమన్నాను, సిల్వరాడో అంటే సిల్వరాడోలా ఉండాలి.

పద్మజ_ట్రాయ్
ఈ మాట మొదటే అనుంటే ఇంత రభస ఉండేది కాదు. వెల్డింగ్ చేయమని నేను ఎక్కడా అనలేదు, పైకి వెళ్ళి చూడండి. నేను అడ్డుపడ్డది కొత్త బెజ్జాలకి. మీకు బండి అసలు రూపం ముఖ్యం, నాకు ఇంకో ఇరవై ఏళ్ళు రోడ్డు మీద ఉండటం ముఖ్యం. ఆ ఎడమ తలుపు పుట్టినప్పుడు దానికి బెజ్జాలు లేవు కదా. మీ లెక్క ప్రకారమే దాన్ని అలా వదలాలి.

సుత్తిశానం
తలుపు బండి కోసం, బండి తలుపు కోసం కాదు.

పాతబండి_శీను
పనిలో ఉండి ఇప్పుడే చూశాను. కుడి తలుపు లోపలి అట్ట విప్పాను, ఫోటోలు పెట్టాను. తుప్పు పైపైనే ఉంది, రేకు తినలేదు. అడుగున నీళ్ళు పోయే కన్నాలు మట్టితో మూసుకుపోయాయి, పుల్లతో పొడిస్తే ఎర్రటి బురద కారింది. బండి అమ్మే ఉద్దేశం లేదు. బండి నాకు అమ్మిన పెద్దావిడ కూడా ఒక్కటే అడిగారు, షెడ్డులో పడెయ్యకుండా నడపమని. అందుకే కుడివైపు బెజ్జాలు మూయను. తుప్పు గీకి, ఎపాక్సీ పూసి, సీలెంట్‌తో క్లిప్పులు పెడతాను. చివర బోల్టు క్లిప్పులకి లోపలి నుంచి నట్టు బిగిస్తాను. ఎడమ తలుపుకి టేపు. చక్రాల చుట్టూ స్క్రూలతో వచ్చే పట్టీలు మాత్రం తిప్పి పంపేస్తున్నాను, వాటి వెనక చేరే మట్టి చూశాక ధైర్యం రాలేదు.

నీలిరంగు
చక్రాల పట్టీలు పంపెయ్యడం మంచి పని.

పద్మజ_ట్రాయ్
ఎడమవైపు మధ్యాహ్నం ఎండలో వద్దు, ఉదయం నీడలో అతికించండి. కుడివైపు అప్పుడప్పుడూ ఒక పట్టీ తీసి వెనక చూస్తూ ఉండండి. అక్కడ నాకింకా నమ్మకం లేదు.

సుత్తిశానం
తీసి చూడగలిగేది క్లిప్పు కాబట్టే కదమ్మా. టేపుదైతే హీట్ గన్ను, చేపల వల దారం పెట్టి కోసుకోవాలి.

తమ్ముడూ, టేపు ఒకసారి అంటితే జరపలేవు. ముందు కుడివైపు పూర్తి చేసి, తలుపు అంచు నుంచి పట్టీ ఎత్తు మూడు చోట్ల కొలిచి రాసుకో. తర్వాత ఎడమవైపు ముందు ఫెండరు నుంచి వెనక తొట్టిదాకా ఒకే దారం లాగి కట్టి, దాని వెంట మాస్కింగ్ టేపు గీత వెయ్యి. తలుపు మూసి ఉండగానే వెయ్యాలి. ఆ తలుపు వేరే బండిది, కీళ్ళ దగ్గర కొంచెం కిందికి వాలి ఉంటుంది. ముందు దాన్ని సరిచెయ్యి, లేకపోతే ఎంత కొలిచినా పట్టీ వరస కలవదు.