నల్ల కళ్ళకి రంగు వేస్తే చచ్చిన చేప కళ్ళలా వస్తున్నాయి, ఎక్కడ తప్పు చేస్తున్నా?

జడకుచ్చులు:
అందరికీ నమస్తే. ఫోన్‌లోనే ఐబిస్ పెయింట్‌లో బొమ్మలు వేస్తుంటాను, మొదలుపెట్టి ఆరేడు నెలలవుతోంది. ఇప్పుడు కూచిపూడి వేషంలో సత్యభామని వేస్తున్నా, జడ, నగలు, కుచ్చిళ్ళు అన్నీ నాకే ముద్దొచ్చేలా కుదిరాయి, కళ్ళ దగ్గరకొచ్చేసరికి చచ్చిన చేపే. ట్యుటోరియల్స్ అన్నీ నీలం కళ్ళు, ఆకుపచ్చ కళ్ళు, ఊదా కళ్ళు, అవి ఫాలో అయితే భలే మెరుస్తున్నాయి, అదే పద్ధతి నల్ల కళ్ళకి చేస్తే ఏమీ కనపడట్లేదు. నేను చేసింది ఇదీ: తెల్లగుడ్డుకి తెలుపు, నల్లగుడ్డుకి నలుపు నింపేసి, పైన లేయర్ తీసుకుని రంగు గుడ్డు దాటి బయటికి పోకుండా క్లిప్పింగ్ పెట్టి, పై రంగు కింది రంగుతో ఎలా కలవాలో చెప్పే బ్లెండ్ మోడ్‌ల్లో ఒకటైన ఓవర్‌లేలో లేత బ్రౌన్ ఎయిర్‌బ్రష్ కొట్టా, ఎంత కొట్టినా ఉలుకూ లేదు పలుకూ లేదు, ఓపాసిటీ 100 పెట్టినా అంతే. ఒక కన్ను అయ్యాక దాన్నే కాపీ చేసి ఫ్లిప్ చేసి రెండోది పెట్టేశా. స్క్రీన్‌షాట్ పెట్టా చూడండి. మా తమ్ముడు చూసి "ఈవిడ ఎటు చూస్తోందే?" అన్నాడు, అప్పట్నుంచి నాకూ అదే కనపడుతోంది.

గోదారిగట్టు:
ఓవర్‌లే మొరాయించడం మీ తప్పు కాదండి, దాని లెక్కే అంత. ముదురు రంగుల మీద అది గుణకారం, పూర్తి నలుపంటే సున్నా, సున్నాని దేంతో గుణించినా సున్నానే కదా. కలర్ డాడ్జ్ మోడ్ కూడా అంతే, నలుపు మీద చేతులెత్తేస్తుంది. యాడ్ మోడ్ అయితే కూడిక కాబట్టి మారుతుంది గానీ, అసలు ఆ నలుపే తీసెయ్యండి. నల్లకళ్ళు అని మాటవరసకి అంటాం, ఎండలో అద్దం పట్టుకుని చూసుకోండి, ముదురు బెల్లం పాకం రంగు. నేనైతే నల్లగుడ్డుకి హ్యూ (ఏ రంగు అనేది) 20, సాచురేషన్ (రంగు చిక్కదనం) 60, బ్రైట్‌నెస్ 25 దగ్గర మొదలుపెడతా, మధ్యలో కనుపాపకి బ్రైట్‌నెస్ 8కి దించుతా, అప్పుడు ఆ రెండూ విడివిడిగా తెలుస్తాయి.

తర్వాత వెలుగు. చాలామంది తప్పేది ఇక్కడే. కంటి ముందు గాజు బుడగలాంటి పొర ఉంటుంది కదా, కార్నియా, పైనుంచి వచ్చిన వెలుగు అందులోంచి దూరి నల్లగుడ్డు అవతలి అంచున పడుతుంది. అంటే వెలుగు ఎడమ పైనుంచి వస్తే నల్లగుడ్డు కుడి కింద భాగం లేత రంగుకి రావాలి. అక్కడ నెలవంకలా బ్రైట్‌నెస్ 45 దాకా తీసుకెళ్ళండి, హ్యూ కొంచెం పసుపు వైపు జరపండి. పైన రెప్ప నీడ, కింది రంగుని ముదురు చేసే మల్టిప్లై మోడ్‌లో, అది నల్లగుడ్డు మీదే కాదు, తెల్లగుడ్డు మీద కూడా పడాలి. తెల్లగుడ్డు ఎప్పుడూ తెలుపు కాదు, చామనచాయ ముఖంలో అచ్చ తెలుపు పెడితే ట్యూబ్‌లైట్ పెట్టినట్టుంటుంది. తెలుపంతా ఒక్క మెరుపు చుక్కకి దాచుకోండి.

స్టైలస్‌పోయింది:
అక్కా, పైనాయన చెప్పింది కరెక్టే గానీ మీ తమ్ముడు అడిగిన దానికి జవాబు వేరే ఉంది, అసలు లొల్లి ఆ ఫ్లిప్‌తోనే. మెరుపు చుక్క కూడా తిరగబడ్డది చూడు, ఎడమ కంట్ల ఎడమ దిక్కు, కుడి కంట్ల కుడి దిక్కు. దీపం ఒక్కటే ఉన్నప్పుడు రెండు కళ్ళల్ల చుక్క ఒక్క దిక్కే ఉండాలె, ఒక కంట్ల గడియారం పది మీద ఉంటే రెండోదాంట్ల కూడా పది మీదనే. లేకపోతే ఒక కన్ను ఇటు ఒక కన్ను అటు పోయినట్టు కొడతది. నేను రెప్పలు, కాటుక గీతలే ఫ్లిప్ చేస్త, మెరుపు వేరే లేయర్ల పెట్టి చేత్తో ఏస్త. ఇంకోటి, నల్లగుడ్డు మొత్తం గుండ్రంగ కనపడుతున్నది, పై రెప్ప దాన్ని కొంచెం కప్పాలె. అసలు కంట్ల నల్లగుడ్డు అడ్డం 12 మిల్లీమీటర్ల దాకా ఉంటది, పైన ఒకటి రెండు మిల్లీమీటర్లు రెప్ప కిందికే పోతది. మొత్తం కనపడితే దయ్యాన్ని చూసినట్టే.

కాటుకభరిణె:
రెప్ప సంగతి మామూలు ముఖానికైతే సరే, ఇక్కడ వేస్తున్నది నాట్యం కదండీ. చిన్నప్పుడు ఐదేళ్ళు నేర్చుకున్నా, మా మాస్టారు కళ్ళు పెద్దవి చెయ్యకపోతే ఊరుకునేవారు కాదు, కాటుక బయటి మూల దాటించి లాగేదే వెనక వరసలో కూర్చున్నవాళ్ళకి చూపు తెలియాలని. సత్యభామ కోపంగా ఉంటే గుడ్డు మొత్తం కనపడనివ్వండి, అలకలో ఓరచూపైతే మాత్రం రెప్ప వాల్చి నల్లగుడ్డు మూలకి జరపండి. ముందు మీ బొమ్మలో ఆవిడ ఏ మూడ్‌లో ఉందో తేల్చుకోండి, అది తేలకుండా నెలవంకలూ మెరుపులూ ఎన్ని పెట్టినా నగల దుకాణం బొమ్మే. చేర్యాల నకాశీ బొమ్మల్లో షేడింగేమీ ఉండదు, తెలుపు మీద నల్లగుడ్డు, అంతే, అయినా మన వైపే చూస్తుంటాయి.

జడకుచ్చులు:
అలకే అండి! నల్లగుడ్డు ఎడమ మూలకి జరిపి రెప్ప వాల్చా, నలుపు తీసి బ్రౌన్ పెట్టా, చుక్కలు రెండూ పది దగ్గరే. కొత్త స్క్రీన్‌షాట్ చూడండి, నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. కానీ జూమ్ తీసి దూరంగా చూస్తే నల్లగుడ్డూ కాటుకా కలిసి ఒకే ముద్దలా అయిపోతున్నాయి, ఏం చెయ్యాలి?

గోదారిగట్టు:
బావుందండి, నిజంగానే అలిగింది. అన్ని లేయర్ల పైన ఒకటి నలుపుతో నింపి బ్లెండ్ మోడ్ కలర్‌కి మార్చండి, బొమ్మంతా బ్లాక్ అండ్ వైట్ అయిపోతుంది, ఏది దేంతో కలిసిపోతోందో అప్పుడు దొరుకుతుంది. నా అనుమానం కింది కాటుక. పై గీత చిక్కగా ఉంచి కిందది సన్నం చెయ్యండి, దానికీ నల్లగుడ్డుకీ మధ్య తడి మెరుపులా లేత గీత ఒకటి, రెండు పిక్సెళ్ళు చాలు. ముక్కు వైపు మూలలో చిన్న ఎర్రటి కండ ఉంటుంది కదా, అక్కడ మాసిన గులాబీ రంగు ఒక్క చుక్క. చెక్ అయ్యాక ఆ నల్ల లేయర్ ఆపెయ్యడం మర్చిపోకండి, నేనోసారి అలాగే ఎక్స్‌పోర్ట్ చేసి పంపించేశా.