రాక్ బ్యాండ్ల డాక్యుమెంటరీ తరహా వీడియోలు: మీ అనుభవాలు తెలియజేయండి

పర్లాకిమిడి_బేస్:
మా బ్యాండ్ తొలి పాటకు కథేమీ అల్లకుండా, సాధన, ప్రయాణం, వేదిక వెనుక హడావుడి మాత్రమే చూపే వీడియో తీయాలనుకుంటున్నాము. ఇటువంటి వీడియో వల్ల శ్రోతలకు బ్యాండ్‌పై ఎలాంటి అభిప్రాయం ఏర్పడుతుందో, తీసినవారూ చూసినవారూ వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

రాయగడ_శ్రోత:
జర్నీ బ్యాండ్ 1983లో విడుదల చేసిన ‘ఫెయిత్‌ఫుల్లీ’ వీడియోను తప్పక చూడండి. ఎప్పుడూ ఊళ్లు తిరిగే సంగీతకారుడు తనవారిని తలచుకునే ఆ పాటలో, వేదికకూ ప్రయాణానికీ నడుమ గాయకుడు స్టీవ్ పెర్రీ మీసం గీసుకుంటూ కనిపిస్తాడు. వేలమంది ముందు పాడే మనిషిని ఆ కొద్ది క్షణాలే మనకు దగ్గరివాడిని చేస్తాయి. 1987లో బాన్ జోవి పాట ‘వాంటెడ్ డెడ్ ఆర్ అలైవ్’ కోసం వేన్ ఐషమ్ తీసిన నలుపు తెలుపు వీడియో కూడా ఇదే బాటలో నడిచింది. తళుకుబెళుకుల కుర్రాళ్లుగా పేరుపడినవారు అందులో అలసిపోయి కూడా పని మానని బృందంగా కనిపిస్తారు. వీటిలో అలసట నిజమే కావచ్చు, కానీ దాన్ని ఎంచి చూపినది ఎడిటరే.

బరంపురం_కెమెరా:
రాయగడ మిత్రుల చివరి వాక్యాన్నే పొడిగిస్తాను. యూ2 బ్యాండ్ 1987 మార్చి 27న లాస్ ఏంజిలెస్‌లో ఒక మద్యం దుకాణం పైకప్పు మీద ‘వేర్ ద స్ట్రీట్స్ హావ్ నో నేమ్’ వీడియో తీసింది. పోలీసులు వచ్చి ఆపించే ఘట్టమే దానికి ప్రాణం. అయితే పోలీసులు పలుమార్లు గడువు పొడిగించారనీ, ఆపిస్తేనే వీడియో రక్తి కడుతుందని బృందమే ఆశించిందనీ వారి మేనేజర్ పాల్ మెగిన్నిస్ తరువాత చెప్పారు. అధికారానికి తలవంచని బ్యాండ్ అన్న పేరు అలా కూర్పులో బలపడింది.

ఇక మా ఊరి సంగతి. రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి అమ్మవారి యాత్రకు వీధులు కిక్కిరిసిపోతాయి. ఆ జనాన్ని పైనుంచి తీసి తమ కచేరీ ప్రేక్షకులుగా కలపమని ఒక బ్యాండ్ నన్ను అడిగింది. నేను ఒప్పుకోలేదు, వారు మరొకరితో చేయించుకున్నారు. పసుపు పూసుకొని ఘటాలు మోసే స్త్రీలు దృశ్యం అంచున కనిపించగానే ఊరివారు గుర్తుపట్టి కామెంట్లలో నిలదీశారు. ఆ కుర్రాళ్లు నిజంగా బాగా వాయిస్తారు, అయినా ఆ మాట వినేవారు లేకపోయారు. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

గుణుపురం_డ్రమ్స్:
మా వీడియోలో కరెంటు పోయి జనరేటర్ కోసం ఎదురుచూసే భాగాన్ని ఉంచాము. ముందు వరుసలో కూర్చున్న ఒడియా, తెలుగు కుర్రాళ్లు చప్పట్లతోనే తాళం వేస్తుండగా, నేను కర్రలను కుర్చీ చేతి మీద ఆడించాను. ఆ తరువాత కార్యక్రమాలకు పిలిచినవారు మమ్మల్ని ఏ పరిస్థితిలోనైనా నిలబడే బృందంగా చెప్పుకున్నారు. మరో ఫలితం కూడా ఉంది. మా కీబోర్డ్ వాద్యకారుడు నవ్విస్తున్న ముక్కలే ఎక్కువగా చేరడంతో, స్వరాలన్నీ కూర్చేది ఆయనేనని చెప్పినా ఎవరూ నమ్మడం లేదు. బ్యాండ్‌కు ఒక రూపం ఇచ్చే వీడియో ఒక్కొక్క సభ్యుడికీ విడిగా ఒక వేషం కట్టేస్తుంది కనుక, ఎడిటింగ్ సమయంలో అందరూ కూర్చుని చూడటం అవసరం.

రాయగడ_శ్రోత:
అందుకే నాకు హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా తీసిన ‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’ వీడియో నచ్చుతుంది. స్టూడియోలో తీసిన దృశ్యాలతో కూర్చిన అందులో పనీ ఉంది, ఖాళీగా గడిపే వేళలూ ఉన్నాయి. ఇలాంటి నెమ్మది పాటతో బ్యాండ్ మెత్తబడిందన్న విమర్శకు వాదనతో కాక, పనిచేస్తున్న చేతులను చూపి జవాబిచ్చినట్లు అనిపిస్తుంది.

పర్లాకిమిడి_బేస్:
అందరికీ కృతజ్ఞతలు. అయితే ముందుగా సాధన గదిలోనే మొదలుపెడతాము. నౌపడ వెళ్లే రైలులోనూ, ప్లాట్‌ఫారం మీదా కొంత తీయాలని ఉంది.

బరంపురం_కెమెరా:
స్టేషన్‌లో చిత్రీకరణకు రైల్వే అనుమతి ముందే తీసుకోండి. సాధన గదిలో కెమెరా మైకును నమ్ముకోకుండా శబ్దాన్ని మిక్సర్ నుంచి విడిగా రికార్డు చేయండి. పాట ఆపి తాళం గురించి మీరు వాదించుకునే మాటలు కూడా అందులో స్పష్టంగా వినిపించాలి.