టెంపో ట్రావెలర్ వెనక స్ప్లెండర్ కట్టుకెళ్లొచ్చా?

ప్రశ్న (విజయనగరం): లోపలే పడుకుని ఉండేలా క్యాంపర్‌గా మార్చిన ట్రావెలర్‌లో బారువ బీచ్‌కి వెళ్తున్నాం. అక్కడ తిరగడానికి బండి కావాలి. వెనక ర్యాక్ మీద పెడితే ఇబ్బందా అన్నా?

జవాబు (శ్రీకాకుళం): ముందు బరువు లెక్క చూడు తమ్ముడూ. బండి సుమారు 112 కిలోలు, ర్యాక్ 30 అనుకో, మొత్తం 142. వెనక ఇరుసుకి 2 మీటర్ల అవతల వేలాడితే, రెండు ఇరుసుల మధ్య 4 మీటర్లుంటే, వెనక ఇరుసు మీద 213 కిలోలు పడతాయి, ముందు 71 తగ్గిపోతాయి. స్టీరింగ్ తేలిపోయేది అందుకే. నీళ్ల ట్యాంకు ముందుకి జరుపు. ర్యాక్ బోల్టులు ఛాసిస్‌కే, బంపర్‌కి వద్దే వద్దు.

జవాబు (పలాస): రాచెట్ బెల్టులు (పిడి ఆడిస్తే బిగిసేవి) నాలుగు కావాలి. ముందు రెండూ హ్యాండిల్‌కి వేస్తే అది తిరిగిపోయి బెల్టు వదులవుతుంది. ముందు ఫోర్కులని (షాక్ గొట్టాలని) హ్యాండిల్ కింద పట్టి ఉంచే బ్రాకెట్‌కి వేసి, ఫోర్కులు సగం దిగేదాకా బిగించు. సైడ్ స్టాండ్ ఎత్తెయ్. 10 కిలోమీటర్లు వెళ్లాక ఆగి మళ్లీ బిగించు. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనబడాలి.

ప్రశ్న: పాత కార్బురేటర్ బండి. పెట్రోలు?

జవాబు (పలాస): ట్యాప్ మూసెయ్, లేదంటే కుదుపులకి కారుతుంది. ఇసుకలో స్టాండ్ కింద చెక్కముక్క పెట్టు. తిరిగొచ్చాక ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగి, ఆరాక చైన్‌కి ఆయిల్ వెయ్యి.