అప్‌డేట్: బాబాయి జ్ఞాపకాల సంకలనం పూర్తయింది

విధి నిర్వహణలో మరణించిన మా బాబాయి గురించి పోలీసు అమరవీరుల దినోత్సవానికి ఏమి రాయాలని ఇంతకుముందు అడిగాను. పతకాల వివరాలు తగ్గించి, ఆయనను దగ్గరగా ఎరిగినవారి మాటలు సేకరించమని చాలామంది సూచించారు, అలాగే చేశాము. 1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా బలగాల దాడిలో 10 మంది పోలీసులు మరణించినందున ఏటా ఆ తేదీన దేశమంతటా స్మారక కవాతు జరుగుతుంది, అమరుల పేర్లు చదువుతారు. పేరు చదవడానికి పట్టేది క్షణమే కనుక, మిగిలినది ఇంటివారే చెప్పవలసి ఉంటుంది.

బందోబస్తు నుంచి ఎంత రాత్రి వచ్చినా మరునాటి యూనిఫాంను తానే ఇస్త్రీ చేసుకునేవారని పిన్ని చెప్పింది. జాతరలో రెండు ఊళ్లవాళ్లు కొట్టుకోబోతే, లాఠీ ఎత్తకుండా ఇరువైపుల పెద్దలనూ పక్కపక్కన కూర్చోబెట్టి మాట్లాడించిన సంగతిని ఆయన తోటి కానిస్టేబుల్ వివరంగా గుర్తుచేసుకున్నారు. నాయనమ్మ మాత్రం ఉద్యోగం ఊసే ఎత్తకుండా, చిన్నప్పుడు ఆయన చెరువులో ఈత నేర్చుకున్న రోజుల గురించే మాట్లాడింది. నా దృష్టిలో సంకలనానికి అదే ప్రాణం. మరణించిన తీరును, పిల్లలూ చదువుతారు కాబట్టి, ఒక్క వాక్యంలో ముగించాము. ఒక ప్రతిని ఆయన చివరగా పనిచేసిన స్టేషనుకు అందజేశాము.