పెనాంగు వీధి తిండి: శాకాహారి అత్తగారితోనూ పదేళ్ల పిల్లవాడితోనూ వెళ్తే ఏమేమి తినవచ్చు?

ప్రశ్న: పెరంబూరు కోడలు

వచ్చే వేసవి సెలవుల్లో నేను, మావారు, పదేళ్ల మా అబ్బాయి, మా అత్తగారు చెన్నై నుంచి మలేషియా వెళ్లి, కొన్ని రోజులు కౌలాలంపూరులోనూ మిగిలిన రోజులు పెనాంగు దీవిలోని జార్జ్ టౌన్‌లోనూ ఉండాలని అనుకుంటున్నాము. మావారూ అబ్బాయీ కోడి, చేప, మేక తింటారు కాని గొడ్డుమాంసం, పందిమాంసం ముట్టరు. నేను గుడ్డు వరకు తింటాను. అత్తగారు పూర్తి శాకాహారి. పక్క బల్ల మీద నుంచి చేప వాసన వచ్చినా ఆ పూటకు మజ్జిగతో సరిపెట్టుకుంటారు.

కౌలాలంపూరులోని బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో మన హోటళ్లు ఉన్నాయి కనుక మూడు పూటలా అక్కడే తిందామని మావారి అభిప్రాయం. విమానం ఎక్కి అంత దూరం వెళ్లి మళ్లీ ఇడ్లీ సాంబారే తినడం నాకు ఇష్టం లేదు. అత్తగారి నియమం చెడకుండా, పిల్లవాడి కడుపు పాడవకుండా అక్కడి బండ్ల దగ్గర ఏమి తినవచ్చో, అడిగేటప్పుడు ఎలా అడగాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: అన్నానగర్ వాసి

ఉద్యోగరీత్యా కౌలాలంపూరులో ఉండి వచ్చినవాడిని కనుక కొంత వివరంగానే రాస్తున్నాను. "ఇందులో మాంసం ఉందా?" అని అడిగితే చాలామంది నిజాయితీగానే లేదని చెబుతారు, ఎందుకంటే ఎండు రొయ్యలనూ నెత్తళ్లనూ వారు మాంసం కింద లెక్కవేయరు. అందువల్ల సంబల్ అనే మిరపకారం పచ్చడి దేనితో నూరారు, పులుసు దేనితో కాచారు, వేయించడానికి వాడిన కొవ్వు ఏది అని మూడూ విడివిడిగా అడగవలసి ఉంటుంది.

ఉదాహరణకు నాసి లెమాక్ తీసుకోండి. కొబ్బరిపాలతో, పాండన్ అనే సువాసన ఆకుతో వండిన ఆ అన్నం వరకు అత్తగారికి ఏ ఇబ్బందీ లేదు. కాని దాని మీద వేసే ఎర్రటి సంబల్‌లో సాధారణంగా నెత్తళ్లో, రొయ్యలను ఉప్పుతో ఊరబెట్టి ముద్దచేసిన బెలాచానో ఉంటాయి, పైగా పొట్లంలో కట్టి అమ్మేటప్పుడు అన్నాన్నీ సంబల్‌నూ కలిపే కడతారు. ఇంతకంటే పెద్ద వల పండ్ల రోజాక్. అనాస, జామ, మామిడి ముక్కలే కదా అని ధైర్యంగా తీసుకుంటాము, కాని వాటికి పట్టించే నల్లటి తియ్యటి ముద్ద కూడా రొయ్యలతో చేసినదే.

అత్తగారికి నిశ్చింతగా పెట్టదగినవి లేకపోలేదు. తమిళ ముస్లింలు నడిపే మామక్ అంగళ్లలో మన పొరల పరోటా లాంటి రోటీ చనాయ్ దొరుకుతుంది; మామూలుగా దానితోపాటు పప్పు గాని చేపల పులుసు గాని పోస్తారు కనుక పప్పు మాత్రమే పోయమని ముందే చెప్పాలి, పిండిలో గుడ్డు కలిపారేమో కూడా అడిగి తెలుసుకోవాలి. మీకైతే గుడ్డు కొట్టి కాల్చే రోటీ తెలూర్ బాగుంటుంది. పుట్టు మాయం అంటే మన ఇడియాప్పమే. కొబ్బరి కోరు, బెల్లం పొడితో తింటారు. ఎండవేళ చెండోల్ తప్పకుండా తాగించండి: ఆకుపచ్చటి పిండి తీగలు, ఎర్ర చిక్కుడు గింజలు, కొబ్బరిపాలు, గులా మెలాకా అనే నల్లబెల్లం పాకం, తురిమిన మంచు తప్ప అందులో సాధారణంగా మరేమీ ఉండదు.

అబ్బాయికీ మీవారికీ నా మొదటి సిఫారసు పెనాంగు అస్సాం లక్సా. కానగంత చేపను ఉడికించి చిదిమి, చింతపండు పులుపుతో కాచిన రసాన్ని లావుపాటి బియ్యపు సేమియా మీద పోసి, పుదీనా, అనాస ముక్కలు, ఒక అల్లం జాతి పువ్వు మొగ్గ తరుగు వేసి ఇస్తారు. మన ఇంటి చేపల పులుసులో అన్నానికి బదులు సేమియా వేసుకున్నట్టు ఉంటుంది కనుక తెలుగు నాలుకకు అది వెంటనే నచ్చుతుంది. చార్ క్వే తియో అనే వేయించిన వెడల్పాటి బియ్యపు నూడుల్సు సంగతి వేరు. ఒక్కొక్క పళ్లేనికి సరిపడా మాత్రమే పెద్ద మంట మీద వేయించడం వల్ల వచ్చే పొగ రుచే దాని గొప్ప, కాని చీనా బండ్ల మీద అది చాలావరకు పందికొవ్వుతోనే తయారవుతుంది. మీరు పంది ముట్టరు కనుక హలాల్ బోర్డు ఉన్న చోట మాత్రమే తినండి.

జవాబు: అడయారు పెద్దాయన

పై జవాబు బాగుంది కాని, మీవారి మాటను అంత తేలికగా కొట్టిపారేయవద్దని నా మనవి. పెద్ద వయసువారిని ప్రతి పూటా బండి బండికీ తిప్పి, ఇది పనికివస్తుందా అది పనికివస్తుందా అని విచారిస్తూ నిలబెట్టడం వారికి సెలవు అనిపించుకోదు. మధ్యాహ్నం ఒక్క పూట బ్రిక్‌ఫీల్డ్స్‌లోనో, జార్జ్ టౌన్‌లోని లిటిల్ ఇండియాలోనో అరటాకు భోజనం పెట్టిస్తే ఆమెకు కడుపు నిండుతుంది, సాయంత్రం మీరు ఎక్కడ తిరిగినా ఆమెకు విసుగు రాదు. చీనా బౌద్ధులు నడిపే శాకాహార అంగళ్లు కూడా ఉన్నాయి. అక్కడ సోయాతో, గోధుమ జిగురుతో అచ్చం మాంసం ముక్కల్లా చేస్తారు. చూడగానే ఆమెకు అనుమానం రావడం ఖాయం కనుక ముందే చెప్పి తీసుకువెళ్లండి.

జవాబు: ఆహార పరిశుభ్రత విభాగంలో పనిచేసే ఒకామె

పిల్లవాడి కడుపు గురించి ఎవరూ రాయలేదు కనుక ఆ సంగతి నేను రాస్తాను. చెన్నైలో పానీపూరీ తిని పెరిగిన పిల్లవాడికి ఏమీ కాదని అనుకోవడానికి వీలు లేదు. మలేషియాలో 2009 నాటి ఆహార పరిశుభ్రత నిబంధనల ప్రకారం ఆహారం తయారుచేసి అమ్మేవారు శిక్షణ పొందాలి, టైఫాయిడ్ టీకా వేయించుకోవాలి. చాలా హోటళ్లలో శుభ్రతకు ఇచ్చిన ఏ, బీ, సీ శ్రేణి పత్రాన్ని గోడకు తగిలిస్తారు. అది చూడండి, కాని దానికంటే ముందు పొయ్యిని చూడండి. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య గంటల తరబడి నిలిచినప్పుడే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. మన కళ్ల ముందే వేయించి పొగలు కక్కుతూ ఇచ్చే బండి తిండి కంటే, మధ్యాహ్నం వండి తట్టల్లో పరిచి రాత్రి దాకా అమ్మే చల్లటి కూరలతోనే ప్రమాదం ఎక్కువ, అవి ఏసీ హోటల్లో ఉన్నా సరే.

మంచు విషయానికి వస్తే, నడుమ రంధ్రం ఉన్న గొట్టపు ముక్కలు సాధారణంగా కర్మాగారంలో తయారైనవి కనుక వాటిని కొంత నమ్మవచ్చు. చెండోల్‌లో మంచు తురిమి వేస్తారు కనుక అది మాత్రం రద్దీగా ఉన్న అంగడిలోనే తాగండి. కోసి ఉంచిన పండ్లు వద్దు. పిల్లవాడికి టైఫాయిడ్ టీకా వేయించారో లేదో ఇప్పుడే చూసుకోండి, వేయించకపోతే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వెంట ఉంచుకుని, ప్యాకెట్ మీద రాసినంత నీటిలోనే కలపండి. విరేచనాలు ఆపే మాత్రలు పిల్లవాడికి సొంతంగా వేయవద్దు. జ్వరం వచ్చినా, విరేచనంలో రక్తం కనిపించినా అక్కడి వైద్యుడికి చూపించండి.

పెరంబూరు కోడలు

అందరికీ ధన్యవాదాలు. మధ్యాహ్నం అరటాకు, సాయంత్రం బండ్లు అన్న ఏర్పాటుకు అత్తగారు, మావారు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఒక్క సందేహం మిగిలింది. మావారు నాసి కందార్ తినాలని పట్టుపడుతున్నారు. కోడి కూర మాత్రమే అడిగితే సరిపోతుందా?

జవాబు: అన్నానగర్ వాసి

సరిపోదండీ. అన్నం మీద రెండు మూడు కూరల పులుసులను కలిపి పోయడమే నాసి కందార్ ప్రత్యేకత, ఆ కలిపినవాటిలో గొడ్డుమాంసం పులుసు కూడా ఉండవచ్చు. కోడి పులుసు ఒక్కటే పోయమని గట్టిగా చెబితే పోస్తారు. అయితే ఒక గిన్నెలోని గరిటె మరొక గిన్నెలోకి వెళ్లడం అక్కడ మామూలు కనుక, ఆ మాత్రం తగలడం కూడా మీవారికి అభ్యంతరమైతే అదే అంగడిలో రోటీతో సరిపెట్టుకోవడం మేలు. పట్టికలో దాగింగ్ అని ఉంటే చాలావరకు గొడ్డుమాంసమే, కాంబింగ్ అంటే మేక, అయం అంటే కోడి. పుల్లలకు గుచ్చి కాల్చే మాంసం ముక్కలైన సాతేకు కూడా ఇదే వర్తిస్తుంది: కోడి పుల్లలనూ గొడ్డుమాంసం పుల్లలనూ తరచు ఒకే నిప్పుల మీద కాలుస్తారు.

ఇంకొకటి. కోపిటియం అనే పాత కాఫీ అంగళ్లలో తిండి బండ్లు వేరు, టీ కాఫీల యజమాని వేరు. బల్ల దగ్గర కూర్చున్నాక పానీయం ఏదో ఒకటి తీసుకోవడం అక్కడి మర్యాద. వారి టీలో గట్టి తియ్యటి డబ్బా పాలు పోస్తారు కనుక, అత్తగారికి చక్కెర తక్కువ కావాలంటే "కురాంగ్ మానిస్" అని చెప్పండి. జార్జ్ టౌన్‌లో సముద్రతీరాన ఉన్న గర్నీ డ్రైవ్ బండ్లు సాయంత్రమే తెరుస్తారు, ఒక్కొక్క బండికి వారంలో ఒక్కొక్క రోజు సెలవు. కాబట్టి ఫలానా బండి దగ్గరే తినాలని పట్టుబడితే ముందు రోజే అడిగి ఉంచుకోండి.

జవాబు: వ్యాసర్పాడి పాత కాపు

అబ్బాయికి ముందుగా అలవాటు చేయాలంటే ఒక సాయంత్రం మన చెన్నైలోనే పారీస్ కార్నర్ దగ్గర బర్మా బజారు వెనుక వీధుల్లో 'అత్తో' అనే బర్మా నూడుల్సు తినిపించండి. 1960లలో బర్మా నుంచి తిరిగి వచ్చిన కుటుంబాలు మన ఊరికి తెచ్చిన తిండి అది: నూడుల్సులో వేయించిన ఉల్లి, వెల్లుల్లి, చింతపండు రసం కలిపి చేత్తోనే పిసికి ఇస్తారు. నూడుల్సులో ఆ పులుపు వాడికి నచ్చితే లక్సా కూడా నచ్చుతుంది, నచ్చకపోతే మొదటి రోజు రోటీ చనాయ్‌తో మొదలుపెట్టండి.