ఇతర సంస్కృతుల వారితో మెలిగే నేర్పు: విద్యార్థులకు తోడ్పడేది తెలివా, స్వభావమా?

ప్రశ్న

నేను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలిని. వేర్వేరు భాషలు, ఆచారాలు గల పిల్లలు ఒకే తరగతిలో ఉన్నప్పుడు, చదువులో ముందుండే కొందరు తోటివారి పద్ధతులను అర్థం చేసుకునే ప్రయత్నమే చేయకపోవడం, సాధారణ మార్కులు వచ్చే కొందరు ఎవరితోనైనా ఇట్టే కలిసిపోవడం గమనిస్తున్నాను. ఈ సామర్థ్యానికి వ్యక్తిత్వంతో ఎక్కువ సంబంధమా, మేధాశక్తితోనా? బడిలో దీన్ని పెంచగలమా?

మొదటి సమాధానం

వ్యక్తిత్వంలోని ఐదు ప్రధాన లక్షణాలలో, కొత్త అనుభవాలను ఆహ్వానించే గుణాన్ని ముందుగా చెప్పుకోవాలి. ఇతర సంస్కృతుల వారితో మెలిగే ఈ నేర్పును పరిశోధకులు ఎర్లీ, ఆంగ్ 2003లో ‘సాంస్కృతిక ప్రజ్ఞ’ పేరుతో వివరించారు; తర్వాతి పరిశోధనల్లో దాన్ని నాలుగు పార్శ్వాలుగా కొలిచారు: తన ఊహలను తానే సరిచూసుకోవడం, అవతలి సంస్కృతిని గురించిన జ్ఞానం, తెలుసుకోవాలన్న ఆసక్తి, సందర్భానికి తగినట్లు ప్రవర్తనను మార్చుకోవడం. ఆంగ్ బృందం 2006లో ప్రచురించిన అధ్యయనంలో ఈ నాలుగింటితోనూ కొత్త అనుభవాలను ఆహ్వానించే గుణానికి సంబంధం కనబడింది. అయితే అందులో పాల్గొన్నవారు విశ్వవిద్యాలయ విద్యార్థులు కనుక, స్వభావం ఇంకా రూపుదిద్దుకుంటున్న బడి పిల్లలకు ఆ ఫలితాన్ని యథాతథంగా వర్తింపజేయడం నాకు సమ్మతం కాదు.

రెండవ సమాధానం

అసలు చిక్కు కొలిచే తీరులో ఉంది. ‘ఇతర సంస్కృతుల వారితో నేను సులభంగా కలిసిపోతాను’ వంటి వాక్యాలకు విద్యార్థి తనకు తానే మార్కులు వేసుకున్నప్పుడు, వ్యక్తిత్వ ప్రశ్నావళిని కూడా అతడే నింపుతాడు కాబట్టి, ఆ రెండూ దగ్గరగా కనబడటంలో వింతేమీ లేదు. అక్కడ మేధాశక్తి పాత్ర తక్కువగా తోస్తుంది. ఒక సన్నివేశాన్ని ఇచ్చి, అందులోని భిన్న దృక్పథాలను విశ్లేషించమంటే చిత్రం మారిపోతుంది. వివిధ దేశాల విద్యార్థుల సామర్థ్యాలను పోల్చే 2018 పీసా (PISA) సర్వేలో 15 ఏళ్ల విద్యార్థుల అంతర్జాతీయ అవగాహనను ఇలాంటి పరీక్షతో అంచనా వేస్తూ, వైఖరులను మాత్రం ప్రశ్నావళితో విడిగా తెలుసుకున్నారు. ఆ పరీక్ష ఫలితాలు చదివి అర్థం చేసుకునే శక్తితో బలంగా ముడిపడి ఉన్నాయి. కాబట్టి తెలివి ఎదుటివారి పరిస్థితిని గ్రహించడానికి ఉపకరిస్తుందని, గ్రహించాలన్న కోరిక మాత్రం స్వభావం నుంచి, పెంపకం నుంచి వస్తుందని నా అభిప్రాయం. మీ తరగతిలో ముందుండే పిల్లలలో కొరవడింది బహుశా ఆ కోరికే.

మూడవ సమాధానం

పెంచగలమా అన్నదే నా దృష్టిలో ముఖ్యమైన ప్రశ్న. పిల్లలను పక్కపక్కన కూర్చోబెట్టినంత మాత్రాన చాలదని, సమాన హోదా, ఉమ్మడి లక్ష్యం, పరస్పర సహకారం, సంస్థ మద్దతు ఉండాలని మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పారు. 1971లో మరో మనస్తత్వవేత్త ఎలియట్ అరాన్సన్ బృందం రూపొందించిన పద్ధతిలో పాఠాన్ని భాగాలు చేసి, జట్టులో ఒక్కొక్కరికి ఒక్కో భాగం అప్పగిస్తారు. మిగిలిన వారందరి మాటా శ్రద్ధగా వింటే తప్ప ఎవరికీ పాఠం పూర్తిగా అందదు. బిడియస్తులు కూడా మాట్లాడక తప్పని ఏర్పాటు ఇది. జట్లను మార్కులను బట్టి మాత్రం విడదీయకండి. అలా చేస్తే సమాన హోదా అన్న షరతు మొదటి రోజే దెబ్బతింటుంది.