కారు రేడియోలో కడప స్టేషన్ గరగర: ఏరియల్ ఎర్తింగా, స్పార్క్ ప్లగ్గులా?

పాత కార్ల వైరింగ్ తెలిసిన అన్నలు కాస్త దారి చూపండి. మాది ప్రొద్దుటూరు. పాత పెట్రోల్ కారు, సెట్టు కారుతో వచ్చిందే. కడప ఆకాశవాణి, మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ పెడితే మాట కన్నా గరగరే ఎక్కువ. ఎఫ్‌ఎం మాత్రం శుభ్రంగా వస్తుంది.

ఇంజన్ ఆపి, తాళం ఒక్క మెట్టు తిప్పి వింటే స్టేషన్ బాగానే పలుకుతుంది. స్టార్ట్ చేయగానే టకటకమని మొదలవుతుంది, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఆ టకటకలు దగ్గరవుతాయి. వెనకాల సన్నగా ఈల లాంటి శబ్దం. టకటక ప్లగ్గులది, ఈల బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌ది అని నా అంచనా. మొబైల్ చార్జర్ ఊడబీకితే కొంచెం తగ్గింది గానీ పోలేదు. కరెంటు లైన్ల కింద వచ్చే బుర్రుమనే మోత సంగతి వేరే, దాని గురించి అడగడం లేదు.

ఏరియల్ రాడ్ విప్పితే వాషరు కింద ఎర్రగా తుప్పు పొడి రాలింది. కేబుల్ పైతొడుగు బాడీకి సరిగా ఎర్త్ కాకపోతే ఇంజన్ మోతంతా లోపలికి వస్తుందంట. గీకి బిగిస్తే చాలా, కేబుల్ మొత్తం మార్చాలా? రేడియో మోత తగ్గించే రెసిస్టర్ ప్లగ్గులు వేస్తే తేడా తెలుస్తుందా?

షాపులో సెట్టే మార్చమంటున్నారు. కొత్తవాటిలో చాలావాటికి మీడియం వేవే ఉండదు, అది నాకు వద్దు. పొలం నుంచి వచ్చేటప్పుడు మా నాయన రైతుల కార్యక్రమం వింటాడు, ఆయన కోసమే ఈ పట్టుదల. కడప, ప్రొద్దుటూరుల్లో ఈ పని ఓపికగా చేసే మెకానిక్ ఉంటే ఏ వీధిలోనో చెప్పండి.